పని ప్రెషర్‌లో బ్రీతింగ్ ఎక్సర్‌సైజులు నిజంగా పనిచేస్తాయా? క్యాష్ కౌంటర్ మీద నా అనుభవం

మీరు అడిగింది ఇదీ కదా, ప్రొడక్షన్ ఇష్యూ, అంటే జనం వాడుతున్న సాఫ్ట్‌వేర్‌లోనే సమస్య, వచ్చి కాల్‌లో పదిమంది కూర్చుంటే బుర్ర పనిచెయ్యట్లేదు, ఎవరో చెప్పారని గట్టిగా గాలి పీల్చి బిగబట్టే ఎక్సర్‌సైజు చేస్తే తల తిరుగుతోంది, అసలు వీటివల్ల ఫోకస్ వస్తుందా అని. వస్తుందండీ, నేను నమ్మకంగా చెప్తున్నా. కాకపోతే మీరు పీల్చడం మీద పెడుతున్న శ్రద్ధ వదలడం మీద పెట్టాలి. నాకు సాఫ్ట్‌వేర్ పని తెలీదు, నేను బ్యాంకులో క్యాష్ కౌంటర్ మీద 14 ఏళ్లు చేశాను, మాది గుంటూరు వైపు చిన్న టౌన్‌లో బ్రాంచి. అక్కడ నేర్చుకున్నదే చెప్తా, మీ పనికి ఎలా సరిపోతుందో కూడా చివర్లో రాస్తా.

2016 నవంబర్ గుర్తుందిగా. 8వ తారీకు రాత్రి పాత 500, 1000 నోట్లు చెల్లవన్నారు, 9న బ్యాంకులు మూసేశారు, 10న పొద్దున మేం వెళ్లేసరికి లైను మా వీధి చివర కిరాణా కొట్టు దాకా ఉంది. ఆ శని, ఆదివారాలు కూడా పనిచేశాం. నోట్ల మార్పిడి మొదట 4,000 అన్నారు, తర్వాత 4,500 అన్నారు, ఆ తర్వాత 2,000 చేశారు, రాత్రి రూలు మారితే పొద్దున లైనులో ఉన్నవాళ్లకి చెప్పుకోవాల్సింది మేమే. ముసలమ్మలు కొంగున కట్టుకున్న నోట్లు విప్పి కౌంటర్ మీద పెట్టి "ఇవి నిజంగా చెల్లవా తల్లీ" అనేవాళ్లు. పెళ్లి పెట్టుకున్నవాళ్లు శుభలేఖలు చూపించేవాళ్లు. మధ్యాహ్నానికి మా దగ్గర వంద నోట్లు అయిపోయేవి, కొత్త 500 నోట్లు మాకింకా రాలేదు, చేతిలో ఉన్నవల్లా కొత్త 2,000 నోట్లే, వాటికి చిల్లర ఎవరిస్తారని గొడవ.

రెండో వారంలో ఒకరోజు ఒకాయన గ్లాసు మీద చెయ్యి కొట్టి పది నిమిషాలు నా మీద అరిచాడు. ఆయన వెళ్లాక వచ్చిన పెద్దాయన పాపం ఒక్క మాట అనలేదు, 24,000 విత్‌డ్రా స్లిప్ ఇచ్చాడు, అంటే 12 నోట్లు. లెక్కపెడుతున్నా గానీ నా బుర్ర ఇంకా ముందాయన అరుపులోనే ఉంది. కొత్త నోట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి, విదిలించి రెండోసారి లెక్కపెట్టాలి, ఆరోజు పెట్టలేదు. సాయంత్రం క్యాష్ టాలీ అవ్వలేదు. మూడుసార్లు లెక్కపెట్టాం, రాత్రి తొమ్మిదిన్నర దాటింది, సరిగ్గా 4,000 తక్కువ. ఆ రెండు నోట్లు ఆ పెద్దాయనకే వెళ్లాయని ఇప్పటికీ అనుకుంటాను, ఆయనకి కూడా తెలిసి ఉండదు. షార్టేజీ వస్తే క్యాషియరే కట్టాలి కాబట్టి కట్టాను. డబ్బు కంటే నన్ను భయపెట్టింది మర్నాడు పొద్దున నా చెయ్యి, స్పాంజ్ మీద వేలు తడుపుకుంటుంటేనే వణికింది.

మా హెడ్ క్యాషియర్ గారు రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్నారు అప్పటికి. నా వెనక నుంచి కాసేపు చూసి "అమ్మాయ్, నువ్వు కట్ట లెక్కపెట్టినంతసేపూ ఊపిరి తీసుకోవట్లేదు, చూసుకున్నావా" అన్నారు. అప్పుడు చూసుకున్నా. ఒకటి అనగానే ఊపిరి ఆగిపోతోంది, భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి, పళ్లు బిగుసుకుంటున్నాయి, వంద అయ్యాక ఒక్కసారి హమ్మయ్య అని ఎగపీల్చి మళ్లీ ఇంకో కట్ట. రోజుకి ఎన్ని కట్టలు, అన్నిసార్లు అదే. ఇన్నేళ్లలో ఆ సంగతి నాకు తెలియనే తెలీదు.

ఆయన చెప్పింది ఒక్కటే. ఒక మనిషి కౌంటర్ వదిలాక, తర్వాతివాళ్ల స్లిప్ ముట్టుకోక ముందు, వేడి పాలు ఊదినట్టు పెదాలు సన్నగా చేసి మెల్లగా మొత్తం గాలి వదిలెయ్. "ముందాయన్ని ఊపిరితో పంపించెయ్, తర్వాత వచ్చినాయన్ని పిలువు" అన్నారు. ఒకళ్ల మీద పది సెకన్లు పోతాయి, లైను కదలట్లేదని అరుస్తారేమో అనుకున్నా మొదట, కానీ తప్పు లెక్కపెట్టి మళ్లీ లెక్కపెట్టుకునే టైమ్ కంటే అది తక్కువే. మూడు నాలుగు రోజులకి చెయ్యి వణకడం తగ్గింది. డిసెంబర్ చివరిదాకా ఆ రద్దీ నడిచింది, మళ్లీ నాకు షార్టేజీ రాలేదు. అది ఊపిరి వల్లేనా అంటే, రెండోసారి లెక్కపెట్టాలన్న సంగతి గుర్తుండేది ఆ ఊపిరి వల్ల, అంతవరకు ఖాయంగా చెప్పగలను.

తర్వాత కొంచెం చదివి తెలుసుకున్నా. గాలి లోపలికి తీసుకుంటున్నప్పుడు గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది, వేగస్ అనే నరం చేసే పని అది. మణికట్టు మీద వేలు పెట్టుకుని నెమ్మదిగా పీల్చి వదిలి చూడండి, చాలామందికి తేడా చేతికే తెలుస్తుంది. అందుకే వదలడం పొడుగు చెయ్యమనేది. మీకు తల తిరగడానికి కారణం కూడా చాలావరకు ఇక్కడే ఉండొచ్చు, గబగబా పెద్దపెద్ద ఊపిరులు తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, దాంతో మెదడుకి వెళ్లే రక్తనాళాలు కాస్త ముడుచుకుంటాయి, తల తేలిపోయినట్టు ఉండి వేళ్ల చివర్లు, పెదాల చుట్టూ తిమ్మిరెక్కుతుంది. ఆక్సిజన్ చాలట్లేదేమో అనుకుని ఇంకా గట్టిగా పీలుస్తారు, ఇంకా తిరుగుతుంది. కాబట్టి ఛాతీ నిండా లాగొద్దు, మామూలుగా ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంత తీసుకోండి, ఆరు లెక్కపెట్టేంత సేపు వదలండి, అంతే, నిమిషానికి దాదాపు ఆరు ఊపిరులు వస్తాయి. బిగబట్టడం పూర్తిగా మానెయ్యండి, కనీసం మొదట్లో.

ఇంకోటి ఉంది, బాగా ఒత్తిడిలో ఉన్నప్పుడు నేను అదే చేస్తా. ఏడ్చి ఏడ్చి నిద్రలోకి జారుకునే పిల్లల్ని చూశారా, రెండుసార్లు లోపలికి ఎగపీల్చి ఒక పెద్ద నిట్టూర్పు విడుస్తారు. ఎవరూ నేర్పరు, ఒళ్లు దానంతటదే చేసుకుంటుంది. మనం కావాలని చెయ్యొచ్చు, ముక్కుతో ఒకసారి తీసుకుని, దాని మీదే ఇంకొంచెం తీసుకుని, నోటితో పొడుగ్గా వదిలెయ్యడం. 2023లో స్టాన్‌ఫోర్డ్ వాళ్లు ఒక స్టడీ చేశారు, రోజుకి 5 నిమిషాల చొప్పున నెల రోజులు ఈ నిట్టూర్పు పద్ధతి చేసినవాళ్లకి ధ్యానం చేసినవాళ్లకంటే మూడ్ ఎక్కువ మెరుగైందని వచ్చింది. ప్రెషర్‌లో ఉన్నప్పుడు ఒకటి రెండు చాలు, వరసగా పది చెయ్యకండి.

మీ విషయానికొస్తే, కాల్ మొదలయ్యాక చేద్దామంటే కుదరదండీ, అప్పటికి గుర్తే రాదు. ప్రశాంతంగా ఉన్నప్పుడు అలవాటు చెయ్యాలి. నేను పొద్దున బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఐదు నిమిషాలు చేసేదాన్ని, కళ్లు కూడా మూసుకోను, పక్కనవాళ్లకి తెలియదు. దాన్ని మీరు ఎలాగూ చేసే ఒక పనికి కట్టెయ్యండి, నాకు స్లిప్ అందుకోవడం ఎలాగో మీకు కమాండ్ టైప్ చేశాక ఎంటర్ నొక్కే ముందు అలాగ. లేదా ఎవరైనా "అప్‌డేట్ ఏంటి" అని గట్టిగా అడిగితే అన్‌మ్యూట్ చేసే ముందు ఒక్క పొడుగు ఊపిరి వదలండి, నలుగురూ ఎదురు చూస్తున్నట్టు మీకు అనిపిస్తుంది గానీ అవతల ఎవరూ గమనించరు. మా తమ్ముడికో చెల్లికో చెప్పినట్టు చెప్తున్నా, కపాలభాతి లాంటి వేగంగా చేసేవి పని మధ్యలో అస్సలు వద్దు, అవి పొద్దున నేర్చుకుని చేసుకునేవి. ఆస్తమా గానీ గుండె, బీపీ సమస్యలు గానీ ఉంటే, గర్భంతో ఉంటే, బిగబట్టేవి డాక్టర్ని అడక్కుండా చెయ్యొద్దు. ఛాతీలో నొప్పి వచ్చినా, కూర్చున్నచోటే ఊపిరాడనట్టు అయినా అది ఎక్సర్‌సైజుతో సర్దుకునేది కాదు, వెంటనే చూపించుకోండి.

ఒక మాట మాత్రం దాచను. మా బ్రాంచిలో ఆరోజుల్లో రెండో కౌంటర్ తెరిచాక నాకు దొరికిన ఊరట ఏ ఊపిరీ ఇవ్వలేదు. మీ టీమ్‌లో ఇద్దరు చెయ్యాల్సిన పని మీరొక్కరే చేస్తుంటే, ఎప్పుడు పిలిచినా పలకాల్సిన ఆన్‌కాల్ డ్యూటీలో రాత్రిళ్లు నిద్ర లేకుండా వారాల తరబడి ఉంటే, అది మీ మేనేజర్‌తో మాట్లాడాల్సిన సంగతి. ఊపిరితో ఓర్చుకుని దాన్ని లాగించకండి, దయచేసి.

ఈసారి ఇష్యూ వచ్చినప్పుడు ఏ ఎక్సర్‌సైజూ చెయ్యకపోయినా పర్లేదు, సిస్టమ్ రాసుకునే ఆ లాగ్స్ చూస్తున్నప్పుడు ఊపిరి ఆడుతోందో బిగబట్టి ఉన్నారో అదొక్కటి గమనించి, ఎలా ఉందో చెప్పండి.