ఆ తల్లిని క్యూలోనే వదిలేయకు

తమ్ముడికి,

నీ కథ మూడుసార్లు చదివాను. మొదటిసారి చిరాకేసింది. 1917లో నీ నావికుడు ‘లెనిన్‌గ్రాడ్’ వీధుల్లో పరిగెడతాడు. ఆ పేరు 1924లో, లెనిన్ పోయాక పెట్టారు. 1917లో అది పెట్రోగ్రాడ్. సరే, అది దిద్దుకోవచ్చు. నన్ను మళ్లీ చదివించింది అతని తల్లి. తెల్లారకముందే, ఆ చలిలో, రొట్టె కోసం ఆమె క్యూలో నిలబడిన అర పేజీ.

ఫిబ్రవరి విప్లవం రాజుకున్నది అలాంటి క్యూల్లోనే. పాత క్యాలెండర్లో ఫిబ్రవరి 23, మహిళా దినం. వైబోర్గ్ పేట బట్టల మిల్లుల ఆడవాళ్లు రొట్టె కావాలంటూ పని ఆపి బయటికొచ్చారు. సరిగ్గా వారానికి జార్ గద్దె దిగాడు. నువ్వేమో ఆమెను అక్కడే వదిలేసి, అక్టోబర్ విప్లవంలో కొడుకు వింటర్ ప్యాలెస్‌లో అడుగుపెట్టగానే కథ ముగించావు. విప్లవం కథ గెలిచిన రాత్రి దగ్గర ఆగకూడదు. నలభై ఏళ్లుగా ఈ మాటే అంటున్నాను.

నీవాడు పెట్రోగ్రాడ్ దగ్గరి దీవి మీది నౌకాదళ కోట క్రోన్‌స్టాట్ నావికుడు కదా, 1921 మార్చి దాకా నడిపించు. ఊళ్లో ప్రభుత్వం వాళ్లు ధాన్యం బలవంతంగా పట్టుకుపోతున్నారని ఇంటి నుంచి ఉత్తరాలు. పెట్రోగ్రాడ్‌లో సమ్మెలు. పెట్రోపావ్లోవ్‌స్క్ యుద్ధనౌక మీద నావికులు తీర్మానం చేశారు: సోవియట్లకు, అంటే కార్మిక, రైతు, సైనిక మండళ్లకు, రహస్య ఓటుతో మళ్లీ ఎన్నికలు, కార్మికులకూ రైతులకూ మాట్లాడే స్వేచ్ఛ, సమానమైన రేషన్. బోల్షెవిక్ నేత ట్రాట్‌స్కీ ఒకప్పుడు విప్లవానికి గర్వకారణమన్నది ఈ క్రోన్‌స్టాట్ నావికులనే. గడ్డకట్టిన సముద్రం మీద తెల్లబట్టలు కప్పుకుని బోల్షెవిక్ ప్రభుత్వపు ఎర్రసైన్యం వాళ్ల మీదికి నడిచొచ్చింది. మార్చి 18కి కోట పడిపోయింది. దాదాపు 8,000 మంది ఆ మంచు మీదే ఫిన్లాండ్‌కు పారిపోయారు.

మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు కారుచౌకగా దొరికేవి. అవి చదివే నేను రాయడం మొదలుపెట్టాను. వాటిలో ఈ కోట సంగతి నాకెక్కడా కనబడలేదు. తర్వాత తెలిసి కథ రాస్తే, శత్రువుకు ఆయుధమిస్తున్నావని ఒక సంపాదకుడు తిప్పి పంపాడు. ఇంకొకాయన చివరి పేజీ తీసేస్తే వేస్తానన్నాడు. ఒప్పుకున్నాను. ఆ పేజీ ఇప్పుడు నా దగ్గర కూడా లేదు. అందుకే నీమీద ఇంత గట్టిగా అరుస్తున్నాను.

ఏ పత్రికకు పంపాలని అడిగావు, అది తర్వాత. ముందు ఆ తల్లి దగ్గరికి వెళ్లు. కోట మీద చివరి దాడికి ముందు రోజు, మార్చి 15న, బోల్షెవిక్ పార్టీ పదో మహాసభ బలవంతపు ధాన్యం వసూళ్లు ఎత్తేసి, వాటి బదులు పన్ను పెట్టింది. కొడుకు అడిగిన వాటిలో కొంత దొరికింది. ఆ కబురూ, కొడుకు కబురూ ఆమెకు ఏది ముందు చేరిందో రాయి.