గేమ్ కంపెనీపై అందరం కలిసి నిరసన తెలిపితే కేసు పడుతుందా?

ప్రశ్న: మేం ఆడే మొబైల్ గేమ్‌లో డబ్బు పెట్టి కొన్న గన్‌ల పవర్‌ని కంపెనీ ఒక అప్‌డేట్‌తో తగ్గించేసింది. రీఫండ్ అడిగితే జవాబు లేదు. మా గ్రూప్‌లో మూడు వందల మంది దాకా ఉన్నాం. ఒకే రోజు అందరం వన్ స్టార్ రేటింగ్ ఇచ్చి, ఆదివారం ఆట మానేద్దామనుకుంటున్నాం. సర్వర్ పడగొడదామని కొందరు, బ్యాంకుకు ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కి తెచ్చుకుందామని ఇంకొందరు అంటున్నారు. అడ్మిన్‌ని నేనే. టెన్షన్‌గా ఉంది. నా మీద కేసు పెడతారా?
- బీటెక్ విద్యార్థి, కాకినాడ

జవాబు: రేటింగ్ ఇవ్వడం, ఆట మానేయడం నేరాలు కావు. ఒక్కరు చేస్తే తప్పు కాని పని మూడు వందల మంది కలిసి చేసినంత మాత్రాన తప్పైపోదు. 2024 మేలో హెల్‌డైవర్స్ 2 అనే గేమ్‌ని స్టీమ్‌లో (కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్) కొని ఆడేవాళ్లు ప్లేస్టేషన్ ఖాతా కూడా కలపాల్సిందేనని సోనీ ప్రకటించింది. కొద్ది రోజుల్లోనే రెండు లక్షలకు పైగా నెగెటివ్ రివ్యూలు పడటంతో ఆ నిర్ణయం మానుకుంది.

రివ్యూలో రాసేది మాత్రం మీకు నిజంగా జరిగిందే అయి ఉండాలి. 'గన్ పవర్ తగ్గించారు, రీఫండ్ ఇవ్వలేదు' అని ఎంత ఘాటుగా రాసినా ఇబ్బంది లేదు. 'మన బ్యాంకు వివరాలు అమ్ముకుంటున్నారు' అని ఆధారం లేకుండా రాస్తే పరువునష్టం. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 కింద రెండేళ్ల వరకు శిక్ష పడవచ్చు, కంపెనీకి కూడా పరువు ఉంటుందని ఆ సెక్షనే చెబుతోంది. కంపెనీ లోగోతో మీమ్ చేస్తే కేసేనా అని కూడా చాలామంది అడుగుతుంటారు. ఒడిశాలో టాటాల ధామ్రా పోర్టుపై నిరసనగా పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ ఏకంగా ఒక వీడియో గేమే తయారుచేసి టాటా పేరు వాడుకుంటే, దాన్ని ఆపడానికి ఢిల్లీ హైకోర్టు 2011లో ఒప్పుకోలేదు.

సర్వర్ సంగతి పూర్తిగా వేరు. చార్జీలు పెంచారని బస్సు ఎక్కకపోవడం ఒకటి, డిపో గేటుకు తాళం వేయడం ఇంకొకటి. ఇతరులకు సర్వర్ అందకుండా చేస్తే ఐటీ చట్టం సెక్షన్ 43 కింద నష్టపరిహారం కట్టాలి. మోసపూరిత ఉద్దేశం రుజువైతే సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా ఉంటాయి. 'డబ్బు ఇస్తారా, సర్వర్ పడగొట్టమంటారా' అని మెయిల్ పెడితే బలవంతపు వసూలు కేసు కూడా తోడవుతుంది. కంపెనీ ఉద్యోగులను బెదిరించడం అంతకంటే ప్రమాదం. అమెరికాలో బంగీ అనే గేమ్ కంపెనీలో పనిచేసే ఒకరిని, ఆయన కుటుంబాన్ని వేధించిన ఒక ఆటగాడిపై 2023లో 4.8 లక్షల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు వచ్చింది.

సభ్యుల పోస్టులకు అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యుడు కాడని బాంబే హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. కానీ ప్లాన్‌లో మీరూ పాలుపంచుకుంటే ఆ రక్షణ ఉండదు. సర్వర్ మాట వచ్చిన చోటే వద్దని రాతపూర్వకంగా చెప్పండి. మెసేజ్ డిలీట్ చేసి ఊరుకోకండి.

బ్యాంకు విషయంలో నిజమే రాయండి. మీరే కొని, 'ఈ లావాదేవీ నాది కాదు' అంటే అది మోసం. నిజం చెప్పి అడిగినా గేమ్ ఖాతా మూసేసే కంపెనీలున్నాయి. జైలు సంగతి అటుంచితే, నా అంచనాలో మీకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. 2019లో హాంకాంగ్ నిరసనకారులకు మద్దతుగా, గేమ్ కంపెనీ బ్లిజార్డ్‌ని బహిష్కరించాలంటూ బోర్డు పట్టుకున్న అమెరికా కాలేజీ ఆటగాళ్లపై ఆ కంపెనీ ఆరు నెలల నిషేధం వేసింది.

అసలు దారి వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 35(1)(సి) ప్రకారం ఒకే నష్టం జరిగినవాళ్ల తరఫున కొందరు కమిషన్ అనుమతితో ఫిర్యాదు చేయవచ్చు. కంపెనీ ఎక్కడున్నా మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, గడువు రెండేళ్లు. 'వివాదాలు ఆర్బిట్రేషన్‌లోనే' (కోర్టు బయట మధ్యవర్తి తీర్పుతోనే) అని షరతుల్లో ఉన్నా కమిషన్ తలుపులు మూసుకోవని 2018లో ఎమ్మార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. గెలుపు ఖాయమని మాత్రం చెప్పలేను: వస్తువులను ఎప్పుడైనా మారుస్తామని షరతుల్లో రాసుకునే ఉంటారు. గన్ అమ్మినప్పుడు దాని పవర్ ఇంత అని ప్రకటనలో చూపించి ఉంటే మీ కేసు గట్టిది.

ఆ ప్రకటన స్క్రీన్‌షాట్లు, రసీదులు ఖాతా పోకముందే ఫోన్ బయట దాచుకోండి. స్క్రీన్‌షాట్లకు భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్య చట్టం) సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని ధ్రువీకరించే సర్టిఫికెట్ జతచేయాలి. 18 ఏళ్లు నిండని సభ్యుల తరఫున వాళ్ల అమ్మానాన్నలు సంతకం పెట్టాలి.