మొహమాటం వదిలెయ్, ఆంప్ కుర్చీ ఎక్కించు

చిన్నా,

నువ్వు పంపిన నాలుగు పాటలూ విన్నాను. ఫోన్‌లో ఒకసారి, తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మూడుసార్లు. మూడో పాట బాగుంది. మేనల్లుడివని అనడం లేదు, నిజంగానే బాగుంది. మొదటిది మాత్రం నీకే నచ్చలేదని వింటుంటే తెలిసిపోతోంది. మరి ఎందుకు పంపావు? "మిగతావాళ్లు ఏమనుకుంటారోనని" అంటావు. ఆ సంగతి మాట్లాడదామనే ఈ ఉత్తరం. ఫోన్ చేస్తే సగంలోనే "సరే మామయ్యా" అని పెట్టేస్తావు.

పదకొండేళ్లు బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించాను. రెండు ఆల్బమ్‌లు చేశాం. మా పేరు ఎవరికీ తెలియదు కాబట్టి పేరు ఎలా తెచ్చుకోవాలో నన్ను అడగకు. బ్యాండ్ ఎలా పాడైపోతుందో మాత్రం బాగా తెలుసు. చాలావరకు మొహమాటం వల్లే.

ముందు సౌండ్. మీ రికార్డింగ్‌లో పాడే అమ్మాయి గొంతు చించుకుంటోంది, అయినా మాటలు వినపడటం లేదు. కారణం నీ గిటారే. నీ ఆంప్, అదే గిటార్ సౌండ్ పెంచే స్పీకర్ పెట్టె, నేల మీద ఉందని పందెం కాస్తాను. ఆ స్పీకర్ నీ పిక్కలకేసి వాయిస్తుంది, పిక్కలకేమో చెవుల్లేవు. నీకు వినపడక వాల్యూమ్ పెంచుతావు. నువ్వు పెంచావని బేస్ పెంచుతాడు, ఇద్దరూ పెంచారని డ్రమ్స్ అబ్బాయి గట్టిగా బాదుతాడు. పాపం ఆ అమ్మాయికి మాత్రం పెంచడానికి నాబ్ లేదు. రేపే ఆంప్‌ను ఒక కుర్చీ ఎక్కించి, కాస్త వెనక్కి వాల్చి, మూతి నీ చెవి వైపు తిప్పు. నువ్వే "అబ్బో, ఇంత చెత్తగా ఉందా" అని తగ్గించేస్తావు. మా బ్యాండ్‌లో ఈ పని చేయడానికి మూడేళ్లు పట్టింది. గిటార్ వాయించేవాడు మాకంటే పెద్దవాడు, చెప్పడానికి అందరికీ మొహమాటం.

ప్రతి ప్రాక్టీస్‌నూ ఫోన్‌లో రికార్డు చెయ్యండి. వెంటనే వినొద్దు, మర్నాడు వినండి. వాయించిన రోజు అందరికీ అంతా బాగానే ఉన్నట్టుంటుంది. మర్నాడు వింటే రెండో చరణంలో లయ పరిగెత్తడం, పల్లవి అవసరానికి మించి ఒకసారి తిరగడం, అన్నీ బయటపడతాయి. మనిషి తప్పు చెబితే గొడవవుతుంది కానీ ఫోన్ చెబితే ఎవరికీ కోపం రాదు.

ఇక స్టేజి. మీకు అరగంట ఇస్తే ఇరవై ఐదు నిమిషాలకు సరిపడా పాటలే పెట్టుకోండి. మిగతా ఐదు నిమిషాలు తీగ తెగడానికి, కేబుల్ గరగరమనడానికి. మొదటిసారి మేం అరగంట దాటించాం. తర్వాత వాయించాల్సిన బ్యాండ్ వాళ్లు గిటార్లు మెడలో వేసుకుని పక్కనే నిలబడి మమ్మల్ని చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఒక తీగల సెట్టు, రెండు కేబుళ్లు, రెండు 9 వోల్టుల బ్యాటరీలు ఎప్పుడూ సంచిలో ఉండాలి. శ్రుతి చేసుకునేటప్పుడు కాలితో నొక్కే ట్యూనర్ పెడల్‌తో సౌండ్ ఆపు. ఆ టింగుటింగులు వినడానికి ఎవరూ రాలేదు. సౌండ్ చూసే ఆయన పేరు కనుక్కుని, పేరుపెట్టి పిలు. మీవైపు తిరిగి ఉండే స్పీకర్‌లో, అంటే మానిటర్‌లో, గొంతు వినపడకపోతే మర్యాదగా అడుగు. పదిమందే వచ్చినా ఆ పదిమందికే వాయించండి. రానివాళ్ల గురించి మైకులో జోకులు వద్దు, వచ్చినవాళ్లకు చిన్నతనంగా ఉంటుంది.

చెవుల గురించి రెండు మాటలు. నా ఎడమ చెవిలో ఒక సన్నని ఈల ఉంది. ఫ్యాన్ ఆపితే మొదలవుతుంది, తెల్లవార్లూ ఉంటుంది. డ్రమ్స్‌లో ఉండే ఇత్తడి పళ్లెం, అదే సింబల్, దాని పక్కన పదకొండేళ్లు నిలబడ్డ ఫలితం. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు ఎనిమిది గంటలు ఫరవాలేదంటారు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ వ్యవధి సగమవుతుంది. లెక్క కడితే 100 దగ్గర మిగిలేది పావుగంటే. చిన్న గదిలో డ్రమ్స్‌తో ప్రాక్టీస్ అంటే 100 ఏ మూలకు! సంగీతం వాయించేవాళ్ల కోసం చేసిన ఇయర్ ప్లగ్స్ దొరుకుతాయి. కొత్త పెడల్ కొనేముందు అవి కొను.

ఇప్పుడు అసలు విషయం. మూడో పాట కింద ఎవరి పేరు వేస్తున్నారు?

పాటకు రెండు హక్కులుంటాయి. పాట రాసినవాళ్లది ఒకటి, ఆ రికార్డింగ్‌ది ఇంకొకటి. వీటి డబ్బు వేరువేరు దారుల్లో వస్తుంది. ది స్మిత్స్ అనే బ్రిటిష్ బ్యాండ్‌లో పాటలు రాసింది మోరిసీ, జానీ మార్. రాసిన హక్కు ఎలాగూ వాళ్లదే. రికార్డింగుల డబ్బులోనూ, కచేరీల డబ్బులోనూ కూడా వాళ్లకు చెరి 40 శాతం, మిగతా ఇద్దరికీ చెరి పది. 1987లో బ్యాండ్ విడిపోయాక డ్రమ్మర్ మైక్ జాయిస్ కోర్టుకెళ్లాడు. 1996లో లండన్ హైకోర్టు నాలుగో వంతు అతనిదేనంది. వేరే ఒప్పందం ఉన్నట్టు రుజువు కాలేదు, అలాంటప్పుడు భాగస్వాముల వాటాలు సమానమని అక్కడి 1890 నాటి చట్టం. అమెరికన్ బ్యాండ్ ఆర్.ఇ.ఎమ్. వాళ్లు మాత్రం పాటల కింద నలుగురి పేర్లూ వేసుకుని సమానంగా పంచుకున్నారు. 1980లో మొదలుపెట్టి 2011లో కోర్టుల గొడవ లేకుండా ఆపేశారు.

మా సంగతి చెబుతాను. మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు. మా పాటల్లో జనం అడిగి మరీ వాయించమన్నది ఒక్కటే. బాణీ నాది, మాటలు నావి. కానీ రెండో చరణంలో గిటార్లన్నీ ఆపేసి డ్రమ్స్, గొంతు మాత్రమే ఉంచుదామన్నది మా డ్రమ్మర్. జనం గుర్తుపెట్టుకున్నది ఆ చోటే. సీడీ అట్ట ప్రింటుకు వెళ్లేరోజు అతను అట్ట చేతిలోకి తీసుకుని, నా పేరు మీద బొటనవేలు పెట్టి ఒక్క క్షణం అలాగే చూశాడు. "ఫాంట్ బాగుంది" అన్నాడు. నాకు అర్థమైంది. అర్థం కానట్టు ఊరుకున్నాను. ఏడాది తర్వాత ఉద్యోగంలో తీరిక లేదని మానేశాడు. ఇప్పటికీ కలుస్తాం, పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటాం.

అందుకే, పాట పూర్తయిన రోజే, ఇంకా ఎవరికీ పైసా రాకముందే, ఒక కాగితం మీద ఎవరికి ఎంత శాతమో రాసుకుని నలుగురూ సంతకాలు పెట్టండి. సమానంగా పంచుకోమనే నేను చెబుతాను, నీ ఇష్టం. ఎవరైనా మానేస్తే బ్యాండ్ పేరు ఎవరిదో కూడా రాసుకోండి.

ఆన్‌లైన్‌లో పెట్టడానికి తొందర పడకు. స్పాటిఫైలో 2024 నుంచి ఒక పాటకు గడిచిన పన్నెండు నెలల్లో 1,000 స్ట్రీమ్‌లు దాటకపోతే రికార్డింగ్ రాయల్టీ రాదు. అంటే మొదట్లో అక్కడినుంచి వచ్చేది సున్నా అనుకో. బ్రిటిష్ బ్యాండ్ ఆర్కిటిక్ మంకీస్ ఇంటర్నెట్ వల్లే పైకొచ్చారని చెబుతుంటారు. వాళ్లు 2003 నుంచి చిన్నచిన్న చోట్ల వాయిస్తూ, వచ్చినవాళ్లకు డెమో సీడీలు ఊరికే పంచారు. వాటిని నెట్‌లో పెట్టింది ఆ విన్నవాళ్లు. 2006లో మొదటి ఆల్బమ్ మొదటి వారంలోనే బ్రిటన్‌లో 3,60,000 పైచిలుకు అమ్ముడైంది. ఆ సీడీ అందుకున్నవాళ్లు ముందు వాళ్ల ఎదురుగా నిలబడి విన్నవాళ్లే కదా.

చదువు మానేస్తానన్నావట. రేడియోహెడ్ అనే బ్రిటిష్ బ్యాండ్‌లోని ఐదుగురూ 1985లో స్కూల్లో కలిసినవాళ్లే. శుక్రవారాలు ప్రాక్టీస్ చేసేవాళ్లు కాబట్టి "ఆన్ ఎ ఫ్రైడే" అని పేరు పెట్టుకున్నారు. తర్వాత ఎక్కువమంది యూనివర్సిటీలకు వెళ్లిపోయినా సెలవుల్లో కలిసి వాయించారు. రికార్డు కంపెనీ కాంట్రాక్టు వచ్చింది 1991లో. మీ అమ్మకు ఈ పేరా చదివి వినిపించు, కాస్త శాంతిస్తుంది.

మొదటి పాట తీసెయ్యమని మిగతా ముగ్గురికీ నువ్వే చెప్పు. నా పేరు వాడుకోవద్దు.

నా పాత బేస్ ఆంప్ మీ బేస్ అబ్బాయికి ఇస్తున్నాను. ఎడమ ఇన్‌పుట్ గరగరమంటుంది, రెండోది వాడమను. బరువు చాలా ఎక్కువ, ఒక్కడే ఎత్తబోతాడేమో, ఇద్దరు పట్టుకోండి.

మీ మామయ్య