చూసింది ఎలా మర్చిపోవాలి?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 బుడమేరు వరదప్పుడు డాబా మీద నిలబడి ఉండగా మా వీధిలోనే ఒక శవం కొట్టుకుపోవడం చూశాను. ఎవరో తెలియదు. ఇప్పటికీ గట్టిగా వాన పడితే అదే కళ్ల ముందుకొస్తుంది, నిద్ర పట్టదు. మావారేమో "మనవాళ్లకేం కాలేదుగా, మర్చిపో" అంటారు. నా వల్ల కావడం లేదు.

జవాబు: అమ్మా, మర్చిపోవాలని పట్టుబట్టడమే మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతోందనిపిస్తోంది. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరు విద్యార్థులకు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దని చెప్పి, గుర్తొస్తే గంట కొట్టమన్నారు. వాళ్లు గంట కొడుతూనే ఉన్నారు. ఫలానాది రాకూడదు అనుకుంటే, వచ్చిందేమోనని మనసు వెతుక్కుంటూనే ఉంటుంది మరి.

మీవారు మీ మేలు కోరే అన్నారు. కానీ పరాయి మనిషైతే మాత్రం బాధ ఉండదా? మీరు కిందికి దిగలేని నీళ్లవి. ఏమీ చేయలేకపోయానన్న బాధ కూడా ఇందులో కలిసి ఉందేమో, ఒకసారి చూసుకోండి. అది మీ తప్పు కాదు. మీకు నమ్మకం ఉంటే దుర్గా ఘాట్‌కి వెళ్లి, పేరు తెలియని ఆ మనిషి కోసం కృష్ణలో ఒక దీపం వదలండి.

వరద వీడియోలు చూడటం మానేయండి. వాన మొదలైతే లేచి లైటు వేసి, ఇవాళ్టి తేదీ పైకి చెప్పుకుని, పొడిగా ఉన్న మీ గచ్చు మీద పాదాలు ఆనించండి. చిన్న పనే అయినా, అది ఇప్పుడు జరగడం లేదని ఒంటికి తెలుస్తుంది. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం వేసుకోవద్దు.

ఇలాంటి జ్ఞాపకాలు నెల దాటినా వదలకుండా నిద్రనీ పనినీ చెడగొడుతుంటే డాక్టరుకి చూపించాలి. మీకు నెల ఎప్పుడో దాటిపోయింది. ప్రభుత్వాసుపత్రి మానసిక విభాగంలో చూపించుకోండి. అక్కడ మాటలతోనే చేసే చికిత్స గురించి అడగండి. ఆ రోజు పొద్దుటి నుంచి నీళ్లు తీసి మీరు ఇల్లు కడుక్కున్న రోజు దాకా మొత్తం నిదానంగా చెప్పిస్తారు. ఇప్పుడు మీ మనసు ఆ ఒక్క క్షణం దగ్గరే ఆగిపోయింది, దాని తర్వాత జరిగింది కూడా మీదే కదా. దృశ్యం చెరిగిపోదు, కానీ గుర్తొచ్చినా గుండె దడదడలాడకుండా ఉండే రోజు వస్తుంది.

ఈలోగా ఏ రాత్రయినా భరించలేకపోతే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వ సర్వీసే. డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మీవారిని కూడా తీసుకెళ్లండి. మీకేం జరుగుతోందో డాక్టరు నోటి నుంచి ఆయన కూడా వినాలి.