ఊళ్లో తిరగడానికి కూడా హెల్మెట్ అవసరమా?

అనంతపురంలో పాతూరు నుంచి టవర్ క్లాక్ దాకా వెళ్లడానికి హెల్మెట్ ఎందుకని అడిగారు. అవసరమే. తల నేలకు తగిలినప్పుడు హెల్మెట్ లోపలి థర్మోకోల్ పొర నలిగి, తాకిడిని కొన్ని మిల్లీసెకన్లు సాగదీసి మెదడుకు చేరే దెబ్బను తగ్గిస్తుంది. బండి నెమ్మదిగా పోతున్నా తల పడేది అదే ఎత్తు నుంచి కాబట్టి, దూరం తక్కువన్న ధీమా పనికిరాదు. పలు అధ్యయనాలను కలిపి చూసిన కోక్రేన్ (వైద్య పరిశోధనలను సమీక్షించే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష ప్రకారం హెల్మెట్ మరణాపాయాన్ని సుమారు 42 శాతం, తలగాయాల ముప్పును 69 శాతం తగ్గిస్తుంది. మన దగ్గర అది పెట్రోలు ట్యాంకు మీదో మోచేతికో ఉండటం, తలకు పెట్టుకున్నా గడ్డం కింద పట్టీ వేలాడుతుండటం చూస్తే బాధ కలుగుతుంది, ఎందుకంటే పట్టీ బిగించని హెల్మెట్ పడగానే ఊడిపోవచ్చు. కొనేటప్పుడు ఐఎస్ 4151 (హెల్మెట్ల భారతీయ ప్రమాణం) అంకెతో ఉన్న ఐఎస్ఐ ముద్ర చూడండి. వెనుక కూర్చునే పెద్దవారికీ హెల్మెట్ తప్పనిసరి చేసే మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ వర్తిస్తుంది.