జైలు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం... అమ్మాయిని పంపొచ్చా?

ప్రశ్న: మాది అంబాజీపేట. మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చదివి, కాకినాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీలో ఏడాదిన్నరగా చేస్తోంది. ఇప్పుడు రాజమండ్రి జైలు ఆసుపత్రిలో కాంట్రాక్టు పోస్టుకి అప్లై చేస్తానంటోంది. ఖైదీల మధ్య ఆడపిల్లకి ఉద్యోగమేంటని నా భయం. సంబంధాలు కూడా చూస్తున్నాం. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ భయం సంగతి చూద్దామండి. జైల్లో రోగి దగ్గరికి నర్సు వెళ్లినప్పుడు వార్డరు, అంటే జైలు కాపలా ఉద్యోగి, అక్కడే ఉంటాడు. పేషెంటు వెంట పదిమంది బంధువులు వచ్చి కేకలేయడం, తాగొచ్చి మీద పడబోవడం లాంటివి క్యాజువాలిటీలోనే ఎక్కువ. ఏడాదిన్నరలో ఎన్నిసార్లు చూసిందో మీ అమ్మాయినే అడగండి.

అసలు కష్టం వేరే ఉంది. రాత్రి లాకప్ అయ్యాక ఒకడు కడుపునొప్పని అరుస్తాడు. "వాడిదంతా నాటకం మేడమ్" అంటాడు వార్డరు. డాక్టరు ఆ సమయానికి అక్కడ ఉండకపోవచ్చు. నాడి, బీపీ చూసి, పొట్ట గట్టిపడిందేమో చేత్తో నొక్కి చూసి, డాక్టరుకి ఫోన్లో ఏం చెప్పాలో తేల్చుకోవాల్సింది నర్సే. పెద్దాసుపత్రికి పంపాలంటే పోలీసు ఎస్కార్టు రావాలి, దానికి టైము పడుతుంది. అందుకే ఎంత ముందుగా గట్టిగా చెబితే అంత మంచిది. చెప్పిన టైముతో సహా రిజిస్టరులో రాసిపెట్టుకోవాలి. కాలేజీ నుంచి నేరుగా వచ్చిన పిల్లయితే నేను వద్దనే వాడిని. మీ అమ్మాయికి క్యాజువాలిటీ అనుభవం ఉంది కాబట్టి ఆలోచించవచ్చంటున్నాను.

రిమాండుకి కొత్తగా వచ్చినవాళ్లని మరీ జాగ్రత్తగా చూడాలి. రోజూ సారా తాగేవాడికి ఒక్కసారిగా తాగుడు ఆగిపోతే, రెండు మూడు రోజుల్లో చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు, లేని మనుషులు కనిపిస్తారు. పిచ్చి వేషాలని వదిలేస్తే ప్రాణం పోతుంది. ఆత్మహత్య ఆలోచనలకీ ఆ మొదటి రోజులే గడ్డు రోజులు. ఇక టీబీ: ఇరుకు బారక్‌లో ఒకరి దగ్గు అందరికీ అంటుకుంటుంది కాబట్టి వచ్చిన రోజే అడిగి పరీక్ష చేయించాలి. హెచ్‌ఐవీ ఉన్న ఖైదీ వివరం పక్కనున్న వార్డరుకి కూడా చెప్పకూడదు. 2017లో వచ్చిన చట్టం ఆ గోప్యతకి రక్షణ ఇస్తోంది.

మంచి పిల్లలు చిక్కుల్లో పడేది చిన్న సాయాల దగ్గర. "మేడమ్, మా ఆవిడకి ఒక్క ఫోన్ చేసి చెప్పండి" అంటాడు. జాలేస్తుంది. చేస్తే రేపు ఉత్తరం, ఎల్లుండి బీడీ కట్ట. రూలుకి విరుద్ధంగా ఖైదీకి ఏదైనా చేరవేస్తే జైళ్ల చట్టం ప్రకారం నేరం. కటువుగా ఉండక్కర్లేదు గానీ మొదటి రోజే నవ్వుతూ కాదనడం నేర్చుకోవాలి. మాత్రలు స్ట్రిప్పు లెక్కన ఇవ్వకుండా ఎదురుగా మింగించాలి. దాచిపెట్టి అమ్ముకునేవాళ్లుంటారు, ఒకేసారి మింగేవాళ్లూ ఉంటారు. డ్యూటీ దిగేముందు సూదులు, కత్తెరలు లెక్కపెట్టి అప్పగించాలి.

రాజమండ్రిలో మహిళా జైలు విడిగా ఉంది. అక్కడ అవకాశం వస్తే ఇంకా నయం. తల్లితోపాటు ఆరేళ్ల లోపు పిల్లలు జైల్లో ఉండొచ్చు. వాళ్ల ఆరోగ్యం, తిండి, చదువు ఎలా చూడాలో మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. గర్భిణుల పరీక్షలు, పిల్లల టీకాలు, బరువులు... చదివిన చదువంతా వాడుకోవచ్చు.

నష్టం కూడా చెప్పాలి. గల్ఫ్, జర్మనీ ఆశ ఉంటే విదేశీ ఆసుపత్రులు ఎక్కువగా అడిగేది వార్డు, ఐసీయూ అనుభవం. జైలు ఆసుపత్రిలో ఏళ్ల తరబడి ఉండిపోతే అది తగ్గుతుంది. ఒకటి రెండేళ్లు చేసి, మరోపక్క ఎయిమ్స్ ఆసుపత్రుల్లో నర్సు ఉద్యోగాలకి పెట్టే నార్సెట్ పరీక్షకి చదువుకుంటే బాగుంటుంది. చేరేముందు ఆర్డరు కాగితం శ్రద్ధగా చదివి ఇవి తేల్చుకోండి: కాంట్రాక్టా, ఏజెన్సీ ద్వారా అవుట్‌సోర్సింగా, ఎన్నాళ్లకి రెన్యువల్, నైట్ డ్యూటీలో రెండో మనిషి ఎవరు, అనుభవ సర్టిఫికెట్టు ఎవరి సంతకంతో ఇస్తారు.

సంబంధాల విషయంలో ఒక్క మాట. "గవర్నమెంటు ఆసుపత్రి" అని చెప్పి జైలు సంగతి దాచకండి. తర్వాత తెలిస్తే గొడవ. విని వెనక్కి తగ్గేవాళ్లు ఆమె నైట్ డ్యూటీలకీ వంకలు పెట్టేవాళ్లే.

అన్నట్టు, జైలు లోపలికి సాధారణంగా సెల్‌ఫోను తీసుకెళ్లనివ్వరు. డ్యూటీలో ఉండగా ఫోన్ ఎత్తడం లేదని టెన్షన్ పడకుండా ఆఫీసు ల్యాండ్‌లైన్ నంబరు ముందే రాసుకోండి.