అమ్మల ప్రశ్నలు: ప్రార్థన వేళ, పాలిచ్చే తల్లి ఉపవాసం, హాస్టల్లో ఆదివారం

ప్రశ్న: బాబు యూకేజీ, పాపకు ఐదు నెలలు. అత్తయ్యగారు మాతోనే ఉంటారు. రాత్రి తొమ్మిదిన్నరకు కుటుంబ ప్రార్థన. ఆయన అధ్యాయమంతా చదువుతారు, అత్తయ్యగారు బంధువులందరి పేర్లూ ఎత్తి ప్రార్థిస్తారు. అరగంట దాటుతుంది. బాబు నిద్రలోకి జారుకుంటాడు, లేపితే ఏడుపు, ఆయన కేకలు. ఇక నా సొంత ప్రార్థన అంటారా, బైబిలు తెరిచి నెల దాటింది. – ఒక తల్లి, పటమట, విజయవాడ

జవాబు: ముందు వేళ మార్చండమ్మా. ఐదేళ్ల పిల్లవాడికి తొమ్మిదిన్నర అంటే అర్ధరాత్రి లెక్క. స్నానం అయ్యాక, అన్నానికి ముందు, ఏడున్నర ప్రాంతంలో పెట్టుకోండి. అన్నం తిన్నాక కూర్చోబెడితే కునికిపాట్లు, మరీ ఆకలి మీద కూర్చోబెడితే చిరాకు. అందుకే ఆరున్నరకు ఒక అరటిపండో, గుప్పెడు మరమరాలో పెట్టి ఉంచండి. ఆ వేళకు మీ ఆయన ఇల్లు చేరకపోతే ఆగొద్దు. షాపు కట్టేసి పదింటికి వచ్చే మగవాళ్లు బెజవాడలో బోలెడు మంది. బైబిలు వాక్యం ఆదివారం ఆయన చదువుతారు, మిగతా రోజులు మీరో అత్తయ్యగారో చదవండి. తన శిష్యుడు తిమోతి విశ్వాసం గురించి రాస్తూ అపొస్తలుడు పౌలు పేరుపెట్టి చెప్పింది అవ్వ లోయినీ, తల్లి యునీకేనీ.

మొత్తం పది నిమిషాలు చాలు. అందులో పాటకు రెండు: పల్లవి, ఒక్క చరణం. మన కీర్తనల్లో కొన్నిటికి ఏడెనిమిది చరణాలుంటాయి, అన్నీ పాడితేనే పాట అనుకోకండి. వారమంతా ఒకే పాట పాడితే మూడో రోజుకు బాబు నోటికి వచ్చేస్తుంది.

వాక్యానికి నాలుగు నిమిషాలు. మార్కు సువార్తతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలు, 678 వచనాలు. రోజుకు ఎనిమిది వచనాలైతే మూడు నెలల్లో పూర్తవుతుంది. ఇక్కడ చాలా ఇళ్లలో తడబడేది భాష దగ్గర. మన బైబిలు గ్రాంథికంలో ఉంది, ‘పక్షవాయువుగలవాడు’ అంటే యూకేజీ పిల్లవాడికి ఏం తెలుస్తుంది? ముందు మీ మాటల్లో చెప్పండి: కాళ్లూ చేతులూ పడిపోయిన మనిషిని నలుగురు మోసుకొచ్చారు, జనం అడ్డంగా ఉంటే ఇంటికప్పు విప్పి లోపలికి దించారు అని. తర్వాత చదవండి. అప్పుడు ఆ పాత మాటలే వాడి చెవికి కొత్తగా వినిపిస్తాయి. చివర ఒకే ఒక్క ప్రశ్న: ‘వాళ్లు కప్పెందుకు విప్పారు నాన్నా?’ అని. ‘దీన్నుంచి నువ్వేం నేర్చుకున్నావు?’ అని మాత్రం అడగొద్దు. అది బడిలో అడిగే ప్రశ్న, వాడు అక్కణ్ణుంచే వచ్చాడు పాపం.

మిగిలిన నాలుగు నిమిషాలూ ప్రార్థన. ముందు బాబు రెండు మాటలు చెప్పాలి, ఒకటి థాంక్యూ, ఒకటి కావలసింది. పోయిన రబ్బరు దొరకాలని అడిగినా నవ్వకండి, దిద్దకండి. ఇక అత్తయ్యగారు. ‘తగ్గించండి’ అంటే నొచ్చుకుంటారు. ‘ఎవరి పేరూ మరిచిపోకుండా నోటుబుక్కులో రాసిపెడతాను అత్తయ్యా, రోజుకో ఇంటి చొప్పున ప్రార్థిద్దాం’ అనండి. సోమవారం ఆమె పుట్టింటివాళ్లు, మంగళవారం ఆడపడుచు ఇల్లు, ఇలా ఏడు రోజులకు పంచితే రోజుకు నాలుగైదు పేర్లే వస్తాయి. బాబుకు ఆ పేర్ల వెనుక మనుషులు కూడా తెలుస్తారు.

కేకల సంగతి: ఎఫెసీయులకు 6:4 ‘తండ్రులారా, మీ పిల్లలకు కోపము రేపక’ అని మొదలవుతుంది. వాళ్లను ప్రభువు శిక్షలో, బోధలో పెంచమనే మాట తర్వాత వస్తుంది. ఆ మొదటి సగం మన ఇళ్లలో తక్కువగా వినిపిస్తుంది. మీరు చెబితే బాగుండదనుకుంటే ఆదివారం ఆయన చదివే భాగం అదే అయ్యేలా చూడండి.

మీ సొంత ప్రార్థనకు వేరే గంట దొరకదు, ఈ ఏడాది వెతకొద్దు కూడా. పాపకు రోజుకు ఆరేడుసార్లు పాలిస్తారు కదా, తెల్లవారుజామున ఇచ్చేది ఒక్కటి మీది చేసుకోండి. ఒక వచనం పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి, మీరు కూర్చునే చోటికి ఎదురుగా అంటించండి. ఫోన్లో చదవొద్దు. ఆ వెలుగుకు పాప మేలుకుంటుంది, మీరేమో వాట్సాప్‌లోకి వెళ్లిపోతారు. మొదటి వారం యెషయా 40:11 పెట్టుకోండి. మందను మేపే కాపరి ‘పాలిచ్చువాటిని మెల్లగా నడిపించును’ అని ఉంటుంది అందులో.

ప్రశ్న: బాబుకు నాలుగు నెలలు, నా పాలే తాగుతున్నాడు. శ్రమకాలంలో (ఈస్టరుకు ముందు నలభై రోజులు) మా సంఘం స్త్రీల సమాజంలో అందరూ శుక్రవారం సాయంత్రం దాకా ఉపవాసం. కొందరు నీళ్లు కూడా ముట్టరు. నేను తింటే తక్కువగా చూస్తారేమో. – బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వద్దమ్మా. ఈ విషయంలో మాకు రెండో ఆలోచన లేదు. నీళ్లు మానే ఉపవాసం అసలే వద్దు. మొదటి ఆరు నెలలూ పాలిచ్చే తల్లికి మామూలు తిండి మీద రోజుకు 600 కేలరీల దాకా అదనంగా కావాలి. అంటే దాదాపు ఇంకొక పూట భోజనం. ఒక్క పూట మానితే పాలు ఎండిపోవు గానీ మీ ఒంట్లో సత్తువ పోతుంది. పైగా శ్రమకాలం ఫిబ్రవరి, మార్చిలో మొదలై ఎండలు ముదిరేదాకా నడుస్తుంది. గుంటూరు ఎండలో నీళ్లు లేకుండా మధ్యాహ్నం దాటేసరికి తలనొప్పి, కళ్లు తిరగడం, మూత్రం ముదురు పసుపు రంగులోకి మారడం, ఇవన్నీ వస్తాయి. ఈసరికే ఒకసారి ఉపవాసం ఉండి ఉంటే బాబును గమనించండి. రోజుకు ఆరుసార్లకు తక్కువగా ఒంటేలు పోస్తున్నా, మందకొడిగా ఉన్నా వెంటనే డాక్టరుకు చూపించండి.

నియమం గట్టిగా ఉన్న కతోలిక సంఘంలో కూడా ఉపవాస విధి 18 ఏళ్లు నిండినప్పటి నుంచి 59 ఏళ్లు నిండేదాకానే. అదీ శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం, గుడ్‌ఫ్రైడే రోజుల్లో. ఆ రోజు కూడా ఒక పూట నిండు భోజనం, మరో రెండుసార్లు కొద్దిగా తినడం ఉంటుంది. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, జబ్బుతో ఉన్నవాళ్లకు మినహాయింపే.

ఏదో ఒకటి విడిచిపెట్టాలని మనసుంటే భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందు శనివారం దాకా ఉన్న 46 రోజుల్లో ఆరు ఆదివారాలు తీసేయగా మిగిలిన 40 రోజులూ రాత్రి సీరియలు మానండి. లేదా, పూర్వం మన సంఘాల్లో ఇంటింటా ఉన్న పిడికెడు బియ్యం పద్ధతి పట్టుకోండి. మిజోరం సంఘాల్లో అది 1910 నుంచి నడుస్తోంది. ఎసరు పెట్టేముందు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు వేరే డబ్బాలో వేయాలి. పిడికెడు 40 గ్రాములనుకుంటే, రెండు పూటలా తీస్తే 40 రోజులకు మూడు కిలోల పైమాటే. తడిచెయ్యి డబ్బాలో పెడితే బియ్యం ముక్కిపోతాయి, మూత వదులుగా ఉంటే పురుగు పడుతుంది. రెండు వారాలకోసారి అవసరమున్న ఇంటికి చేర్చేయండి. ‘నీ ఆహారము ఆకలిగొనినవారికి’ పెట్టడమే ఉపవాసమని యెషయా 58 చెబుతోంది. సమాజంలో ఎవరైనా అడిగితే ‘పాలిస్తున్నానండీ’ అనండి, చాలు. ఇంకా గుచ్చి అడిగేవాళ్లుంటే పాస్టరు అయ్యగారి భార్య చెవిన ముందే ఒక మాట వేసి ఉంచండి.

ప్రశ్న: దసరాకు పక్కింటి పిన్నిగారు గిన్నెలో ప్రసాదం పంపుతారు. మా అమ్మాయి తినొచ్చా? – సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: సంఘాల మధ్య దీనిపై తేడాలున్నాయి. పౌలు 1 కొరింథీయులకు 8, 10 అధ్యాయాల్లో రెండు వైపులూ చెప్పాడు: విందుకు పిలిస్తే వడ్డించింది ఏమీ అడగకుండా తినండి, ‘ఇది అర్పించినది’ అని ఎవరైనా చెబితే, చెప్పిన మనిషి మనస్సాక్షి కోసం తినకండి అని. మీరూ మీ ఆయనా ముందే ఒక మాట మీద ఉండండి. అమ్మ వద్దని, నాన్న పర్లేదని అంటే పిల్ల నలిగిపోతుంది. తినకపోయినా గిన్నె రెండు చేతులా అందుకోవాలి, ‘థాంక్స్ పిన్నిగారూ’ అనాలి. గుమ్మంలోనే పిల్లచేత వద్దనిపించడం, ఆమె చూస్తుండగా పారబోయడం మర్యాద కాదు. ‘మేం తినం’ అని చెప్పదలిస్తే తర్వాత తీరిగ్గా, ఒంటరిగా మీరే చెప్పుకోండి. గిన్నె మాత్రం ఖాళీగా తిరిగి ఇవ్వకండి. క్రిస్మస్‌కు అరిసెలు, చెక్కలు మీ ఇంటి నుంచే ముందు వెళ్లాలి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం, హాస్టల్లో ఉన్నాడు. ఆదివారం కూడా పరీక్షలట, గుడికి పంపరు. ఫోను వారానికోసారి ఐదు నిమిషాలు. ప్రార్థన చేస్తున్నావా అంటే విసుక్కుంటున్నాడు. – కొత్తపేట, గుంటూరు

జవాబు: ఐదు నిమిషాల ఫోనులో ఆ ప్రశ్న మొదటిది కాకూడదు. ఏం తిన్నావు, నిద్ర సరిపోతోందా, పక్కబెడ్ అబ్బాయి ఎలా ఉన్నాడు, ఇవి మూడు నిమిషాలు. తర్వాత ‘ఈ వారం నీకోసం ఏం అడగమంటావు?’ అనండి. చెప్పింది రాసుకుని, వచ్చే వారం దాని సంగతి అడగండి. అతను నోరు విప్పేది అక్కడే.

చదవడానికి కీర్తనలు 120 నుంచి 134 దాకా ఇవ్వండి. యాత్రకీర్తనలు అంటారు వాటిని. మొత్తం పదిహేను. 132లో 18 వచనాలున్నాయి, మిగతావన్నీ తొమ్మిది దాటవు. రెండు నిమిషాల్లో ఒకటి పూర్తవుతుంది. స్టడీ అవర్ అయ్యాక అతను అక్కడ, అదే రాత్రి అదే కీర్తన మీరు ఇక్కడ. తేదీ ఒకటి నుంచి పదిహేను దాకా ఒక చుట్టు, పదహారు నుంచి మరో చుట్టు. ఏ రోజైనా తప్పితే వెనక్కి వెళ్లొద్దు, ఆ తేదీ కీర్తనే చదవాలి. బాకీ పెరిగితే మొత్తం మానేస్తారు.

వార్డెన్‌తో నోటిమాటగా కాక కాగితం మీద అడగండి: పరీక్ష లేని ఆదివారం, ఫలానా గుడి, వెళ్లే వేళ, తిరిగొచ్చే వేళ, వెంట వచ్చే పెద్దవాళ్ల పేరు. రాతపూర్వకంగా, నెలకోసారి అంటే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. ఔటింగ్ రోజున గుడి అయ్యాక నేరుగా భోజనానికి తీసుకెళ్లండి, మార్కుల మాట ఎత్తకండి. సమూయేలు దేవాలయంలో పెరుగుతుంటే తల్లి హన్నా ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లేదని 1 సమూయేలు 2:19లో ఉంది. ఏడాదికి పిల్లవాడు ఎంత ఎదిగాడో ఆమె అంచనా వేసుకునే కుట్టి ఉంటుంది. వెళ్లేముందు మీవాడి చొక్కా కొలత ఫోనులో అడిగి కనుక్కోండి. గోంగూర పచ్చడి సీసాలో పైన వేలు మందం నూనె తేలేలా చూడండి, లేకపోతే హాస్టల్లో వారానికే బూజు పడుతుంది.